కొండ కుడిచేతి వైపు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం, మోగవలసిన ఫోను మోగకపోవడం.

వేరే భయాలు లేవని కాదు. బొద్దింకలంటే భయం, లిఫ్టులో ఒక్కదాన్నే ఎక్కాలంటే భయం, పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే భయం. కానీ వాటికి చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. చెప్పు తీయవచ్చు, మెట్లెక్కి పోవచ్చు, తడిబట్ట వేయవచ్చు. మోగని ఫోనుకు ఏమీ చేయలేం. దాని ముందు కూర్చోవాలి, అంతే.

మా ఇంట్లో మాటలకన్నా రింగులే ఎక్కువ. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే చేరాను, బాగున్నాను అని. రెండిస్తే కార్డు వేసి మాట్లాడు అని. ఆ రింగును ఎత్తకూడదు, ఎత్తితే అవతలివాళ్ల బ్యాలెన్స్ పోతుంది. మా ఆయన భూమేశ్ పనికి చేరగానే ఒక రింగు. అబుదాబి దగ్గర మఫ్రఖ్ క్యాంపులో ఉండే మా బావ, అంటే భూమేశ్ అన్న పర్శరాములు, రోజూ అన్నం తిన్నాక నాకొకటి, ఊళ్లో ఉన్న లింగవ్వక్కకు ఒకటి. లింగవ్వక్క ఆయన భార్య. అజ్మాన్‌లో కాపురం పెట్టిన ఈ రెండేళ్లలో భూమేశ్‌దీ, బావదీ ఆ రెండు రింగులూ వస్తేనే నాకు రోజు ముగిసినట్టు.

భూమేశ్ ఏసీ మెకానిక్. దుబాయ్‌లో మాల్ లోపల మంచుకొండ కట్టాక, దాన్ని చల్లగా ఉంచే మిషన్ల పనికి తీసుకున్నారు. మిషన్లు చూడాలంటే ఆ మంచు మీదికి ఎక్కాలి. ఎక్కితే దిగాలి. దిగడానికి కాళ్లకు పొడుగాటి బద్దలు కట్టుకుంటారు, స్కీలంటారు వాటిని. ఏడాది తిరిగేసరికి బాగా నేర్చుకున్నాడు. ఒకసారి నన్నూ పాపనూ అద్దం బయట నిలబెట్టి, పైనుంచి జారుకుంటూ వచ్చి అద్దానికి జానెడు దూరంలో ఆగి చెయ్యి ఊపాడు. పాప చప్పట్లు కొట్టింది. నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

2007 ఫిబ్రవరిలో కంపెనీ ఆయన్ను, ఆయనతో పనిచేసే పెషావర్ మనిషి హిదాయతుల్లాను పదిహేను రోజులు ఇటలీకి పంపింది. మంచు మిషన్లు తయారయ్యే చోట పని నేర్చుకు రమ్మని. వాళ్లను వెంటబెట్టుకుని పోయిన ముదీర్, అంటే మేనేజరు, ఆ కొండల్లో పుట్టినవాడే. ఆదివారం సెలవు కాబట్టి మిమ్మల్ని పెద్దకొండ చుట్టూ తిప్పుతానన్నాడట. భూమేశ్ శనివారం కార్డు వేసి ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పొంగుతోంది.

"ఒక్కటే కొండ పిల్లా, కోట లెక్క నడుమల నిలబడ్డది. చుట్టు నాలుగు కనుమలు. తాడుకు కట్టిన కుర్చీల కూసుండి పైకి పోవుడు, జారుకుంట కిందికి దిగుడు. మళ్ల ఎక్కుడు, మళ్ల దిగుడు. పొద్దున పోతే పొద్దుమీకేసరికి ఎక్కడ మొదలువెట్టినమో అక్కడికే వస్తం."

"పడితే?"

"పడితే లేస్త."

"తప్పిపోతే?"

"బోర్డులుంటయే. ఆరంజి బోర్డు చూసుకుంట పోతే ఇటు నుంచి అటు, పచ్చ బోర్డు చూసుకుంట పోతే అటు నుంచి ఇటు. రెండు దిక్కుల తిరగొచ్చు."

"ఏ దిక్కు పోతరు?"

"ముదీర్ ఎటంటే అటు."

నాకు ఎటంటే అటు కుదరదు. మా నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. చితి చుట్టూ మా అన్న కుండ పట్టుకుని ఎడమచేతి వైపు తిరిగాడు. గుళ్లో తిరిగినప్పుడు దేవుడు మన కుడిచేతి వైపు ఉంటాడు, చావు దగ్గర అంతా తిరగబడుతుంది. అది చూసినప్పటి నుంచి నేను రోలు చుట్టూ కూడా ఎడమవైపు తిరగలేదు. మరుసటేడు ఏడో తరగతిలో బడి మాన్పించి బీడీలకు కూర్చోబెట్టారు. తూర్పు పడమరలు ఇప్పటికీ తడబడతాను గాని ఈ రెండు దిక్కులూ మాత్రం నాకు బాగా తెలుసు.

"కొండ నీ కుడిచేతి దిక్కుకే ఉండాలె," అన్నాను. "ముదీర్ ఏమన్న అననియ్యి."

"అది కొండ పిల్లా, గుడి గాదు."

"మన కొండగట్టు కొండ గాదా?"

నవ్వాడు. "సరే తియ్. ఆరంజి బోర్డు పట్టుకుంటే కొండ కుడిదిక్కే ఉంటది. అట్లనే పోదమంట."

"పాప మీద ఒట్టు వెయ్."

నవ్వు ఆగింది. "ఒట్టు," అన్నాడు.

ఆ ఒట్టు వేయించింది నేనే.

తర్వాత కనుమ కనుమకూ ఒక రింగు ఇవ్వమన్నాను. చేతికి ఇంత లావు గ్లౌజులుంటాయే అన్నాడు. తీసి ఇవ్వమన్నాను. "ఇస్త గని, నువ్వు ఎత్తకు. ఈడికెళ్లి మాట్లాడితే ఒక్క నిమిషంల బ్యాలెన్స్ ఖలాస్," అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి కుర్చీలు ఆపేస్తారట. ఆలోగా ఆఖరి కనుమ దాటకపోతే అవతలి లోయలో ఉండిపోవలసిందే. వాళ్లకు నాలుగంటే మాకు ఏడు.

క్యాలెండర్ కాగితం వెనక పాప రంగు పెన్సిలుతో గుండ్రంగా గీశాను. నాలుగు చోట్ల నాలుగు గీతలు, పక్కన ఏడు అంకె. నాలుగు చింతగింజలు కడిగి పెట్టుకున్నాను.

ఆదివారం పన్నెండింటికి, అంటే వాళ్ల తొమ్మిదికి, వంటింట్లో స్టవ్ పక్కన ఆ కాగితం పరిచి కూర్చున్నాను. ఆ ఫ్లాటు కాకినాడ వాళ్లది. మురళీ గారు షార్జాలో ఏదో ఆఫీసులో పనిచేస్తారు. మేము ఒక గదిలో ఉంటాం, వంటిల్లు ఇద్దరికీ ఒకటే. ఆయన భార్య ఉమామహేశ్వరి పప్పు తాలింపు వేయడానికి వచ్చి, ఆ గింజలు చూసింది.

"ఇదేంటమ్మా ప్రేమా, ఒక్కదానివే కూర్చుని వామనగుంటలు ఆడుతున్నావా?"

సంగతి చెప్పాను.

"ఓసినీ! మా ఆయన షార్జా ట్రాఫిక్‌లో రోజూ మూడు గంటలు ప్రదక్షిణలు చేస్తారు. నేనెప్పుడైనా గింజలు పెట్టానా చెప్పు?" అని నవ్వింది. నవ్వుతూనే నా చేతిమీద చెయ్యి వేసి చూసింది. "అబ్బ, ఐసులా ఉన్నావేంటే పిల్లా! అన్నం తిను ముందు."

ఒంటిగంటా పదికి ఒక్క రింగు వచ్చి ఆగింది. మొదటి గీత మీద గింజ పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాను కూడా.

రెండో రింగు రెండింటికి వస్తుందనుకున్నాను. రెండు దాటింది. రెండుంపావు దాటింది. పాప నా కొంగు పట్టుకుని లాగుతుంటే విసుక్కున్నాను. రెండున్నరకు ఫోను మోగింది. ఎత్తకూడదని తెలుసు, రెండేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. కానీ వేలు నాకన్నా ముందు కదిలిపోయింది.

"ఎందుకెత్తినవే?" చెవిలో గాలి హోరు, దాని అడుగున భూమేశ్ గొంతు.

"ఎక్కడున్నవ్?"

"రెండో కనుమల. మస్తు గాలి. ఒక్కణ్ణే—"

"ఒక్కనివా? ముదీర్ ఏడి? హిదాయత్ భాయ్ ఏడి?"

"గాలి చూసి ముదీర్ పచ్చబోర్డు దిక్కు తీసుకపోయిండు. నేను నీకు ఒట్టేసిన గద. హిదాయత్‌కు చెప్పి ఇటు మర్రిన. నడుమల కలుస్త—"

అంతే. తెగిపోయింది.

తిరిగి చేస్తే ఎవరో ఆడమనిషి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే గొంతు. బ్యాలెన్స్ లేకపోతే పరాయి దేశంలో ఉన్న ఫోనుకు మనం చేసినా అందదని నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే. అంత పెద్ద కొండ మీద, అంత గాలిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. నా మాట వల్ల ఉన్నాడు. ముదీర్‌తో ఎడమవైపే పోయి ఉంటే పక్కన ఇద్దరు మనుషులుండేవాళ్లు.

పర్శరాములు బావకు చేశాను. రింగు ఇవ్వలేదు, ఎత్తేదాకా చేశాను. మూడోసారికి ఎత్తాడు. వెనక ఇనుము కొట్టే చప్పుడు. ఆయనది కట్టుబడిలో రాడ్లు కట్టే పని.

"ఏడువకు బిడ్డా, నువ్వు ఏడిస్తే నాకేం సమజ్ గాదు. మెల్లగ చెప్పు."

చెప్పాను. ఒట్టు సంగతి కూడా చెప్పాను.

"మిస్డ్ కాల్ ఎత్తినవా? మంచి పని చేసినవ్! బ్యాలెన్స్ అంత నువ్వు మింగినంక వాడు రింగు ఏంటితోని ఇస్తడు? వానికి ఏం గాలే. ఫోనుకే అయ్యింది."

నవ్వించాలని అన్నాడు. నేను ఆయన్ను నవ్వనివ్వలేదు. "నాకు భయమైతుంది బావా. నువ్వు రా," అన్నాను. అటునుంచి ఎవరో పనికి తొందరపెడుతూ "యల్లా, యల్లా" అని అరుస్తున్నారు. బావ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఏదో చెప్పాడు. తర్వాత, "వస్తున్న," అన్నాడు.

మఫ్రఖ్ నుంచి అజ్మాన్ రావాలంటే అబుదాబి, దుబాయ్, షార్జా దాటాలి. మూడు బళ్లు మారాలి. అది నాకు తెలుసు. తెలిసే రమ్మన్నాను.

నాలుగయింది. అయిదయింది. పచ్చబోర్డు వైపు పోయినవాళ్లు సగం దారిలో ఆయనకు ఎదురుపడాలి కదా అని కాగితం మీద రెండు వేళ్లు రెండు వైపుల నుంచి నడిపించి చూసుకున్నాను. వేళ్లు కలిశాయి. ఫోను మోగలేదు. ఉమక్క మురళీ గారికి ఫోన్ చేసి చెప్పింది. ఆయన భూమేశ్ కంపెనీకి చేసి కనుక్కున్నారు. ఎవరికీ ఏమీ తెలియదట, తెలిస్తే చెబుతారట.

ఆరింటికి గింజలు చూసుకుంటే చేతిలో ఒక్కటే ఉంది. గీత మీద ఒకటి. రెండో కనుమ గింజ ఎప్పుడు పెట్టానో గుర్తులేదు గాని అదీ ఉంది. నాలుగోది లేదు. పాప మూలన కూర్చుని బుగ్గ ఉబ్బించి నా వైపు చూస్తోంది. నేను పెట్టిన కేకకు ఉమక్క పరుగెత్తుకొచ్చింది. నోట్లో వేలు పెట్టి గింజ తీసేసరికి నా వేలు కొరికింది, అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

"ఇదిగో, కొండల్లో ఉన్నవాణ్ణి ఆ దేవుడు చూసుకుంటాడు గానీ, నువ్వు ఒళ్లో ఉన్నదాన్ని చూసుకోవే తల్లీ!" అని ఉమక్క నన్ను కసిరి, పాపను ఎత్తుకుని పోయింది.

ఆరున్నరకు బావ వచ్చాడు. బూట్ల మీద సిమెంటు, భుజాన సంచి, చేతిలో పాపకు బిస్కెట్ పొట్లం. లోపలికి రమ్మంటే రాలేదు, వంటింటి గడప దగ్గరే నేలమీద కూర్చున్నాడు.

"ఫోర్మన్ ఏమనలేదా?"

"కడుపుల నొప్పి అన్న. పోయి పండుకో అన్నడు. క్యాంపుల పండుకున్న అనుకుంటడు." అప్పుడు కాగితం వంక చూశాడు. "ఇదేనా కొండ? గింత గుండ్రంగ ఉన్నదా? రొట్టె చేసినవనుకున్న."

వేలితో దారి చూపించాను. ఇది మొదటి కనుమ, ఇది రెండోది, ఇక్కడే ఫోను తెగింది. బావ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత నా చేతిలోంచి గింజ తీసుకుని మూడో గీత మీద పెట్టాడు.

"రింగు రాలే బావా."

"రింగు రాకుంటె కాళ్లు ఆగుతయా? వాడు పోతనే ఉంటడు. చిన్నప్పుడు ఎడ్లబండి ఎనుక పట్టుకోని ధర్మపురి దాక పోయిండు, తెలుసా? ఎవ్వల్కి చెప్పలే. పొద్దుమీకినంక ఆ బండి మీదనే కూసుండి వచ్చిండు."

నాలుగో గింజ మాత్రం నేను పెట్టనివ్వలేదు. పిడికిట్లో బిగించుకున్నాను. ఏడయింది. అక్కడ కుర్చీలు ఆగిపోయి ఉంటాయి. ఏడుంపావు.  ఏడున్నరకు బావ లేచి కిటికీ దగ్గరికి పోయి, కింద రోడ్డు మీదికి చూస్తూ నిలబడ్డాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. ఆయనకూ భయం పట్టుకుందని అప్పుడు తెలిసింది. 

ఏడూ నలభైకి ఫోను మోగింది. తెరమీద ఎప్పుడూ చూడని పొడుగాటి నంబరు. ఒక రింగు, రెండు, మూడు. నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. చెడ్డ కబురు చెప్పేవాడు ఒక్క రింగుతో ఊరుకోడు కదా.

"ఎత్తు బిడ్డా," అన్నాడు బావ. "ఇది ఆగుతలేదు. ఎత్తాల్సిందే."

ఎత్తాను.

"ముదీర్ ఫోను ఇది. ఎక్కువసేపు మాట్లాడను," అన్నాడు భూమేశ్. "ఉన్న. మంచిగనే ఉన్న."

 బావ ఫోను తీసుకుని స్పీకర్ పెట్టాడు. మూడో కనుమ దగ్గర గాలికి కుర్చీలు ఆపేశారట. గంటన్నర నిలబెట్టారట. ఆ గాలి దుమారంలో ముదీర్ వాళ్లు ఎదురొచ్చినా ఒకరికొకరు కనబడలేదు. మళ్లీ కుర్చీలు నడిపి ఇవతలికి దించేసరికి నాలుగులోగా ఆఖరి కనుమ దాటే టైము మిగల్లేదు. స్కీలు భుజాన వేసుకుని రోడ్డు దాకా నడిచాడు. ముదీర్ వాళ్లున్న చోటికి బస్సు దొరికింది.

"బస్సు గూడ ఆరంజి దిక్కే పోయింది పిల్లా! కొండ కుడిచేతికే ఉన్నది. కిటికీల కెళ్లి చూసుకుంటనే వచ్చిన. నీ ఒట్టు తప్పలే."

"నీ తలకాయ!" అన్నాడు బావ. "ఇంకోసారి ఒక్కనివి తిరుగు చెప్త. నీ పెండ్లాం ఈడ సగం అయ్యింది." వెనకనుంచి ముదీర్ కూడా ఏదో అరుస్తున్నాడు. ఆ రోజు భూమేశ్‌ను అందరూ తిట్టారు. నాకు ఆ తిట్లు ఎంత బాగున్నాయో.

బావ నా పిడికిలి విప్పి, చెమటకు తడిసిన నాలుగో గింజను తన చేత్తోనే ఆఖరి గీత మీద పెట్టాడు. ఉమక్క పప్పుచారు అన్నం పెడితే నిలబడే తిన్నాడు.

"ఈ రాత్రి ఉండు బావా. పొద్దున పోదువు."

"పొద్దున అయిదింటికి పని బస్సు ఎక్కాలె. ఎక్కకుంటె ఫోర్మన్ నా కడుపు కోసి నొప్పి ఏడున్నదో చూస్తడు," అన్నాడు. పాప నెత్తిమీద చెయ్యి పెట్టాడు. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే కాలు అడ్డం పెట్టి ఆపాడు. "చేరినంక రింగిస్త. జర ఎత్తకు," అని నవ్వాడు. తలుపు మూసుకుంది.

ఆ రాత్రి నేను ఎనిమిదిన్నరకే పాప పక్కన వాలి నిద్రపోయాను. పెళ్లయినప్పటి నుంచి అంత నిద్ర పోలేదు. దేనికీ భయం లేదు ఆ రాత్రి. తెల్లారి లేచి చాయ్ పెట్టుకుని, రెండు గుటకలు తాగాక గుర్తొచ్చి ఫోను చూశాను. రింగు లేదు.

మరిచిపోయి ఉంటాడనుకున్నాను. అలసిపోయి ఉంటాడనుకున్నాను. మధ్యాహ్నం చేశాను. స్విచ్చాఫ్. రాత్రి చేశాను. స్విచ్చాఫ్.

ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. భూమేశ్ ఇటలీ నుంచి వచ్చాడు. రెండు శుక్రవారాలు మఫ్రఖ్ పోయాడు. క్యాంపు గేటు దగ్గర కాపలావాడు, ఆ గదిలోవాళ్లందరినీ వేరే పనికి మార్చారన్నాడు. ఎక్కడికో తనకు తెలియదన్నాడు. మురళీ గారు ఆస్పత్రులకూ, పోలీసులకూ ఫోన్లు చేశారు. ఆ పేరుతో ఎవరూ లేరట. అది మంచి మాటేనని ఉమక్క అంటుంది. ఫోను పోయి ఉంటుంది, సిగ్నల్ లేని చోట పడేసి ఉంటారు, అన్నకు ఏం కాదు అని భూమేశ్ అంటాడు. అంటూనే రోజూ అన్నం తిన్నాక నా ఫోను తీసి చూస్తాడు.

లింగవ్వక్క మంగళవారం మంగళవారం ఊళ్లో టెలిఫోన్ బూత్ నుంచి మాట్లాడుతుంది. "మీ బావ ఆ దినం నీ దగ్గరికే వచ్చిండట గద చెల్లె?" అని ప్రతిసారీ అడుగుతుంది. "వచ్చిండక్కా. అన్నం తిన్నడు. పోయిండు," అని ప్రతిసారీ చెబుతాను. నేను రమ్మంటేనే వచ్చాడని ఇంతవరకూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కడో చూడని కొండకు నాలుగు గింజలు పెట్టాను, ఒట్టు వేయించాను, దిక్కు చూశాను. అజ్మాన్ నుంచి మఫ్రఖ్‌కు పోయేది తారురోడ్డు, రోజూ వేలమంది పోయే రోడ్డు. దానికి నేను భయపడలేదు. ఒక్క గింజ కూడా పెట్టలేదు.

ఇది చదివినవాళ్లలో ఎవరైనా మఫ్రఖ్ వైపు ఉంటే, లేదా ఆ పైన ఎడారిలో కట్టుబడి పనులు జరిగేచోట ఉంటే, దయచేసి ఒకసారి మా బావను చూసి రండి. పేరు పర్శరాములు. జగిత్యాల పక్క ఊరు. రాడ్లు కట్టే పని. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు, నవ్వే ముందు తల గోక్కుంటాడు. కనబడితే ఆయన్ను ఏమీ అడగవద్దు, మీ ఫోను చేతికివ్వండి. ప్రేమకు ఒక్క రింగు ఇవ్వమనండి. ఈసారి ఎత్తనని చెప్పండి.